ఉడకబెట్టిన గొంగడి

పెళ్లయిన కొత్తలో, కల్వకుర్తి దగ్గర మా అత్తగారింట్లో నేసే గొంగళ్లకు వెబ్‌సైట్ చేయిద్దామని నేనే పట్టుబట్టాను. ఫొటోలు తీయడానికి డిజైనరమ్మాయి వచ్చే రోజు, మా అమ్మ తెల్లబట్టలు ఉడకబెట్టినట్టే, శుభ్రంగా మెరవాలని కొత్త గొంగడిని సర్ఫు నీళ్లలో ఉడకబెట్టాను. తీసి చూస్తే సగానికి ముడుచుకుపోయింది! అత్తమ్మ నెలపాటు వడికిన ఉన్ని అది.

అత్తమ్మ దాన్ని విప్పి చూసి, "ఉన్నిని ఎవలన్న ఉడకబెడ్తరా బిడ్డా?" అని పకపకా నవ్వింది.

అప్పుడే వచ్చిన డిజైనరమ్మాయి, "అరె, పిల్లలకు గింత ముద్దుగ నేసిన్రా? గిదే ముందుగాల పెడదం" అంది. జరిగింది చెబితే ఇంకా ముచ్చటపడింది.

సైట్ మొదలయ్యాక తొలి ఫోన్ దానికోసమే వచ్చింది. కొత్త కోడలిగా నాకున్న భయం ఆ రోజుతో పోయింది. ఫోన్ పెట్టేయగానే అత్తమ్మ అంది: "పొయ్యి ముట్టియ్యి బిడ్డా, ఇంకోటి ఉడకబెడదం."