బాత్‌టబ్‌లో రంగులు

మైదా గంజి ఉడికే వాసన నాకు ఇప్పటికీ తిండి వాసన కాదు, రంగుల వాసన. మొన్న సాయంత్రం నా కూతురి కోసం గిన్నెలో మైదా, నీళ్లు కలియబెడుతుంటే ఆ పచ్చివాసన మెల్లగా కమ్మగా మారి, నన్ను చిన్నప్పుడు అరోరా అనే ఊళ్లో మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్‌లోకి లాక్కుపోయింది.

ఆ ఇంట్లో గోడ నుంచి గోడ దాకా లేత రంగు కార్పెట్. ఖాళీ చేసేటప్పుడు మరక లేకుండా అప్పగించాలని అమ్మకీ నాన్నకీ ఒకటే బెంగ. పెరుగన్నం వంటింట్లో కిందే కూర్చుని తినాలి, ఆవకాయ ముద్ద అమ్మే నోట్లో పెట్టాలి, జ్యూస్ గ్లాసుతో హాల్లోకి అడుగు పెట్టానో లేదో ఇద్దరి నోటా ఒకేసారి "కార్పెట్!" అని వినిపించేది. నాలుగేళ్లకే నాకు తడి అంటే భయం పట్టుకుంది. ప్రీస్కూల్లో పిల్లలందరూ మోచేతుల దాకా పెయింట్ పూసుకుని కేరింతలు కొడుతుంటే నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేదాన్ని. చివరికి టీచర్ అమ్మను పిలిచి, మీ అమ్మాయి రంగు అసలు ముట్టుకోవడం లేదని చెప్పింది.

ఆ మధ్యాహ్నం బయట మంచు కురుస్తుంటే, అమ్మ గంజి కాచి గిన్నెల్లో పోసి, ఒకదాంట్లో బీట్‌రూట్ రసం, ఒకదాంట్లో పాలకూర రసం, ఇంకోదాంట్లో ధారాళంగా పసుపు కలిపింది. నీళ్లు లేని బాత్‌టబ్‌లో నన్ను కూర్చోబెట్టింది. నేను కదల్లేదు. అప్పుడు తనే చుడీదార్ పైకి మడుచుకుని టబ్‌లోకి దిగి, నా ఎదురుగా కూర్చుని, పసుపు గిన్నెలో చెయ్యి ముంచి తన బుగ్గకి పూసుకుంది.

"అంటుతుందమ్మా," అన్నాను.

"అంటనీవే. కడిగితే అదే పోతుంది."

ఒక వేలు పెట్టాను. గోరువెచ్చగా, జారుగా, హాయిగా ఉంది. తర్వాత అరచెయ్యి. ఆ తర్వాత నన్నెవరూ ఆపలేకపోయారు.

కడిగితే బీట్‌రూట్ పోయింది, పాలకూర పోయింది, పసుపు మాత్రం పోలేదు. రోజూ పసుపుతో వంట చేసే మనిషి ఆ సంగతి ఎలా మరిచిపోయిందో! వంటసోడా వేసి తోమితే అది కాస్తా ఎర్రబడింది కూడా. ఇంతలో నాన్న ఆఫీస్ నుంచి వచ్చి బాత్‌రూమ్ తలుపు దగ్గర నిలబడ్డారు. ఇప్పుడు తిడితే ఇంక జన్మలో రంగు ముట్టుకోకూడదనుకున్నాను.

నాన్న టబ్ వైపూ, మా మొహాల వైపూ చూసి, "ఇదేంటే, ఇద్దరూ కలిసి బాత్‌టబ్‌ని పెళ్లికూతుర్ని చేశారా?" అన్నారు. అమ్మ నవ్వు ఆపుకోలేక టబ్ అంచు పట్టుకుంది. మర్నాడు ప్రీస్కూల్లో అందరికంటే ముందు నా చేతులే పెయింట్‌లో ఉన్నాయి.

ఆ అపార్ట్‌మెంట్లు ఇప్పుడు లేవు, కూలగొట్టేశారు. టబ్‌లోకి దిగడానికి అమ్మ మోకాళ్లు ఒప్పుకోవు. నాన్నకి ఆ మాట అన్నట్టు గుర్తే లేదు. నా కూతురు మాత్రం గంజి చల్లారకముందే రెండు చేతులూ పెట్టబోయి, నేను ఆపానని అలిగింది. ఆ వయసులో నాకున్న భయం దానికి తెలియనే తెలియదు. పోయినవాటన్నిటిలో నేను మళ్లీ కావాలనుకోనిది అదొక్కటే.