పంటు మీద వచ్చేవాళ్లు

రాజోలులో వీర్రాజుగారి బట్టల కొట్టుకు పనికోసం వచ్చేవాళ్లను వడపోసేది, అక్కడ పాత మనిషైన వెంకటరమణమ్మే. గోదావరి అవతల నుంచి ఏరు దాటించే పంటు మీద రావాల్సినవాళ్లను ఊరి పేరు వినగానే పంపేసేది. గాలి వేస్తే పంటు ఆగుతుంది, కొట్టు తెరిచే వేళకు మనిషి అందదని ఆమె వాదన. ఎంత తొందరగా తేల్చేస్తుందోనని వీర్రాజుగారు మురిసిపోయేవారు.

ఈసారి వరసలో ఆమె కూతురు యామిని నిలబడింది. భర్త మంచాన పడ్డాక ఇల్లు తనే నడపాలి మరి.

"ఏ ఊరమ్మా?" వీర్రాజుగారే అడిగారు.

"అవతలి గట్టండీ, నర్సాపురం."

ఆయన నవ్వేశారు. "మీ అమ్మాయే గానీ, రూలు నువ్వు పెట్టిందే కదా రమణమ్మా! నువ్వే చెప్పు."

వెంకటరమణమ్మ తలెత్తలేదు. "తర్వాతివాళ్లు రండమ్మా" అంది.

"ఆయ్, వెళ్లొస్తానండీ" అంది యామిని. అమ్మా అని మాత్రం పిలవలేదు.