ధాన్యం బస్తాల మీద స్పోర్ట్స్ కారు

ముందే చెప్పేస్తున్నాను, నేను చెప్పేదాంట్లో కొంత తీసేసి చదువుకోండి. కొల్లేట్లో నేను చూసిన కొర్రమీను, తాడేపల్లిగూడెం చేరి నేను నోరు విప్పేసరికి తిమింగలానికి తమ్ముడైపోతుంది. ఎన్నో తిట్లు తిన్నాను, తగ్గలేదు.

మొన్న ఏలూరులో రైలు గేటు దగ్గర ఆగాను. ముందున్న ట్రాక్టరు నిండా ధాన్యం బస్తాలు. ఒక బస్తాకు చిల్లుపడి గింజలు సన్నటి ధారగా రోడ్డు మీదికి కారుతున్నాయి. గేటు తీశారు, ట్రాక్టరు వెళ్లిపోయింది, నేను మాత్రం కదల్లేదు. వెనక ఆటోవాళ్లు నా వంశాన్నంతా హారన్లతో పలకరించారు. వాళ్లకేం తెలుసు, నాకు అంత చల్లటి పూటా చెమటలు ఎందుకు పట్టాయో.

మా మావయ్యకు గూడెంలో రైసుమిల్లు, ఏలూరులో ఇల్లు, ఆ ఇంటి షెడ్డులో రెండే సీట్లున్న పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఉన్నాయి. అది ఎంత కిందికి ఉంటుందంటే, అందులో కూర్చున్నవాడు మేకను కూడా తలెత్తి చూడాలి. ఒక ఏడు వానలకు కొల్లేరు పొంగి రోడ్డెక్కితే, బస్సులు ఆగిపోయిన చోట మావయ్య ఆగలేదు. "మోకాటి లోతే కదరా" అని దింపాడు. మనిషికి మోకాలంటే ఆ కారుకు మెడ. దాని వెనక ఇరుసు మధ్యలో గుమ్మడికాయంత ఇనప డిప్ప ఉంటుంది. ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచేది అదే, డిఫరెన్షియల్ అంటారు. నీళ్లు దాంట్లో దూరాయి. మావయ్యకు కూడా వినపడేంత గట్టిగా కారు ఊళ పెట్టాక గానీ ఆ సంగతి తెలియలేదు. మర విప్పితే ఆయిలు బదులు మజ్జిగ వచ్చింది, పోపు పెట్టడమే తరువాయి. అందులోనే పళ్లచక్రాల పళ్లు కూడా రాలి వచ్చాయి.

విదేశం నుంచి కొత్త పళ్లచక్రాల జత తెప్పించాడు. ఇదే ఆఖరిదనీ, ఇది పోతే మరి లేదనీ అమ్మినాయన ఫోన్లో తేల్చి చెప్పాడట. అంటే ఈ జత చెడితే కారు ఇక షెడ్డు దాటదు. "దాటకపోతే మంచిదేనండీ, కోళ్లు పెంచుకుంటాను" అంది అత్తయ్య. మెకానిక్కుల చేతికి ఇవ్వడానికి మావయ్యకు మనసొప్పలేదు. ఇంట్లోనే, తానే చేస్తానన్నాడు. సహాయానికి నన్ను పిలిచాడు. అప్పటికే మాకు భయం వేసి ఉండాల్సింది.

ఆ రెండు పళ్లచక్రాల పళ్లూ సరిగ్గా మధ్యలో కలవాలి, లేకపోతే కారు నడిచినంతసేపూ కూస్తూనే ఉంటుంది. రంగు పూసి తిప్పితే ఎక్కడ తగులుతున్నాయో ముద్ర పడుతుంది. రంగు లేదు. మావయ్య దేవుడి గదిలోకి వెళ్లి ఆంజనేయస్వామి సింధూరం తెచ్చి నూనెలో కలిపేశాడు. "ఏవండీ, స్వామివారిదండీ!" అని అత్తయ్య లబోదిబోమంది. ముద్ర అంచున పడింది. విప్పడం, ఎడం సరిచేసే ఉల్లిపొరలాంటి రేకు మార్చడం, బిగించడం, మళ్లీ పూయడం. పొద్దుగూకేవేళకు ముద్ర మధ్యకు వచ్చింది. అప్పటికి మేమిద్దరం మోచేతుల దాకా హనుమంతులమే.

ఇక దాన్ని కారు కిందికెక్కించాలి. మావయ్య దృష్టిలో జాకీ అంటే దొంగ, నమ్మకమంటే ధాన్యం బస్తా. మిల్లు నుంచి ముందే బస్తాలు తెప్పించి ఉంచాడు గనక, కారును వాటి మీద నిలబెట్టి, జాకీ తీసేశాడు. తాను కింద పడుకుని ఆ ఇనప ముద్దను గుండెల మీద పెట్టుకుని పైకెత్తుతున్నాడు. నేను పక్కన టార్చిలైటుతో బోర్లా పడుకున్నాను. కాఫీ తెచ్చిన అత్తయ్య గుమ్మంలో ఆగిపోయింది.

"ఏవండీ, ఎక్కడో గింజలు కారుతున్నాయండీ."

"ఎలకలేవే, కొరకనీ."

"కొరకడం కాదండీ. కారడం!"

టార్చి తిప్పాను. ఎడమవైపు అడుగు బస్తాకు ఎలక చిల్లు. బంగారు దారంలా ధాన్యం. కారు గింజ గింజకూ దిగుతోంది.

"బయటికి వచ్చేయండి మావయ్యా!"

"బోల్టు అందుకోరా! ఇది వదిలితే పళ్లు రాలతాయి!"

"వదలకపోతే మీవి రాలతాయండీ!" అంది అత్తయ్య.

ఆయన కదల్లేదు. కారు అంచు ఆయన చొక్కా బొత్తాన్ని తాకింది. కాఫీ గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు, అత్తయ్య నేల మీద చతికిలబడి చీర కొంగు ఉండచుట్టి ఆ చిల్లులో కుక్కేసి రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ధార ఆగింది. "ఊఁ, బిగించండి మరి. చూస్తారేంటి?" అంది. టార్చిని పళ్లతో కరుచుకుని, బోల్టులన్నీ రెండు చేతులతో బిగించేశాను. మావయ్య పాక్కుంటూ బయటికొచ్చి, ఆవిడ కొంగు కేసి చూసి, "కొత్త చీర కొంటాలేవే" అన్నాడు. "చీరొద్దండీ. ఇనప స్టాండ్లు కొనండి" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కొల్లేటి రోడ్డెక్కారు. మూడో సీటు లేదు గనక నేను వంతెన దగ్గర నిలబడ్డాను. కారు వెళ్లి తిరిగొచ్చింది, పట్టుబట్ట మీద పాదరసంలా, చప్పుడన్నది లేకుండా. మావయ్య ఆపి, "కూత వినపడిందా?" అని ఆవిడను అడిగాడు. "అబ్బే, లేదండీ" అంది. నన్నడిగాడు. "ఆయ్, లేదండి" అన్నాను.

తీసేయమన్నాను కదా, ఏది తీసేయాలో కూడా చెప్పేస్తాను. మజ్జిగ నిజం, సింధూరం నిజం, కొంగు నిజం. ఆ నిశ్శబ్దం ఒక్కటే నా కల్పన. వంతెన మీదికి వస్తుంటే కారు సన్నగా, ఆగకుండా, దోమలా కూస్తూనే వచ్చింది. నేను విన్నాను, అత్తయ్యా విన్నది. ఏళ్ల తరబడి మిల్లు హోరు తిన్న చెవులు గనక మావయ్య ఒక్కడే వినలేదు. ఇప్పటికీ వాళ్లిద్దరూ అందులోనే తిరుగుతారు. ఏటేటా ఆ కూత కాస్త పెరుగుతోంది, ఆయన వినికిడి కాస్త తగ్గుతోంది. కాలం ఆ రెండింటినీ ఇలాగే జతగా నడిపించినంత కాలం, ఆ కారుకు ఏ చప్పుడూ లేనట్టే.