మేస్త్రీ గారి మార్కులు

రంగుల మేస్త్రీ నోటి నుంచి "కాలేదు", "బాగాలేదు" అనే మాటలు ఎప్పుడూ సులువుగా రాలేదు. పాతికేళ్లు ఇళ్లకు రంగులు వేసిన మనిషి. సగం గోడ పచ్చిగా ఉన్నా, ఎంతవరకు వచ్చిందని ఇంటివాళ్లు అడిగితే "అయిపోయినట్టేనండీ, ఇంకొక్క కోటు" అనడం ఆ పనివాళ్ల ఆనవాయితీ. మూడేళ్ల కిందట పరంజా విరిగి కిందపడ్డాడు. వెన్నుపూస దెబ్బతిని నడుం కింద చచ్చుబడిపోయింది. ఆ రోజు స్ట్రెచర్ మీద ఉండి కూడా, ఎలా ఉందని డాక్టరు అడిగితే "బాగానే ఉందండీ" అన్నాడు. ఎక్స్‌రే ఉంది కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు ముందుగదిలో ఒక గోడకు ఆయన మంచం, ఎదురుగోడకు భార్య ఇస్త్రీ బల్ల. ఆమె వీధి వీధంతటికీ ఇస్త్రీ చేస్తుంది. ఆయన మంచం మీద కూర్చుని తోటి పనివాళ్లకు రంగులు కలిపి ఇస్తాడు. ఎవరు ఎవరి గోడ పాడుచేశారో తీర్పులు కూడా చెబుతాడు, ఎవరూ అడక్కపోయినా. ఇంత జరిగినా ఎంత హుషారో అని జనం మెచ్చుకుని పోతారు. భార్య కూడా అదే అనుకునేది. దెబ్బ తగిలింది ఆయన నడుముకైనా నొప్పి మాత్రం ఆమె నడుముకు వచ్చింది, ఆయన్ని ఎత్తీ దించీ. ఆసుపత్రి అటెండరు రోజు విడిచి రోజు వచ్చి స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి వెళుతున్నాడు కాబట్టి ఆమె ఇంకా నిలబడగలుగుతోంది.

ఆ అటెండరు ఉంటాడో ఊడతాడో తేల్చడానికి ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వెన్నుదెబ్బ తిన్నవాళ్ల బతుకు ఎంత బాగుందో ప్రశ్నలడిగి మార్కులు వేయడం ఆమె ఉద్యోగం. మార్కులు బాగా వస్తే అటెండరును ఇంకో ఇంటికి పంపేస్తారు. "అన్నీ తక్కువ చెప్పు. నీ హుషారు ఇవాళ ఒక్కరోజు కట్టిపెట్టు" అని భార్య పొద్దున్నే నూరిపోసింది. బడికి వెళ్లినన్నాళ్లూ ఏ మార్కులూ తెచ్చుకోని మనిషికి ఇదేమంత కష్టం కాదనుకుంది.

"మెట్లు ఎక్కడం ఇబ్బందిగా ఉందా, మేస్త్రీగారూ?"

"ఏ ఇబ్బందీ లేదు తల్లీ."

అమ్మాయి పెన్ను ఆగింది. "అస్సలు లేదా?"

"ఎక్కితే కదా ఇబ్బంది."

"కిలోమీటరు నడవడం?"

"దానిక్కూడా లేదు."

"ఇతరుల మీద ఆధారపడ్డానని బాధ?"

"మా ఆవిడ ఇతరులెలా అవుతుంది?"

భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "నీకు పుణ్యం ఉంటుంది, నా నడుం సంగతి కూడా రాసుకో అమ్మా."

అమ్మాయి కాగితాలన్నీ తిరగేసి చూసింది. "దానికి ఇందులో గడి లేదు పిన్నిగారూ."

మేస్త్రీ భార్య వంక చూశాడు. ఆమె ఒక చెయ్యి నడుం మీదే ఉంది. "ఇందాకటివన్నీ కొట్టేసి మొదటినుంచి అడుగు తల్లీ" అన్నాడు.

ఈసారి దారిలో పడ్డాడు. కాళ్లకు స్పర్శ లేదు గాని మంట మాత్రం వదలదన్నాడు. తోటి పనివాళ్లు రంగు డబ్బా పట్టుకుని వీధి మలుపు తిరిగేదాకా చూస్తాననీ, ఆ తరవాత కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదనీ అన్నాడు. భార్య మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుని చొక్కా కాలరు తిప్పి నొక్కుతూ మనసులోనే భేష్ అనుకుంది. ఈయనకు ఇంత నటన వచ్చని ఇన్నాళ్లూ తెలియలేదు.

"నిద్ర ఎలా పడుతుంది?"

"పట్టదు. నన్ను పక్కకు తిప్పడానికి ఈవిడ లేచినప్పుడు నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకుంటాను. మెలకువగా ఉన్నానని తెలిస్తే కూర్చుని కబుర్లు చెబుతుంది. పాపం, తన నిద్ర కూడా పోతుంది."

ఇది తను నూరిపోసింది కాదు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మొత్తం మీద మీ బతుక్కి పదికి ఎన్ని వేస్తారు?"

"రెండు."

"రెండేమిటి?" అంది భార్య. "ఎంత లేదన్నా అయిదుండదా?"

"తక్కువ చెప్పమన్నది నువ్వేగా."

"చెప్పమన్నాను. అలా బతకమన్నానా?"

అమ్మాయి రెండు వేసింది. "ఇక భయం లేదు పిన్నిగారూ, అటెండరు వస్తాడు" అని శుభవార్త చెప్పి కాగితాలు సర్దుకుని వెళ్లింది. కోరుకున్నది దక్కినందుకు భార్యకు ఏడుపొచ్చింది. వెళ్లి మంచం అంచున కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"నన్ను ఎత్తుతున్నావు చాలదా? అది కూడా నువ్వే ఎత్తాలా?"

ఆమె ముక్కు తుడుచుకుంది. "ఇకమీదట మెలకువగా ఉంటే ఉన్నానని చెప్పు."

"నీ నిద్ర పోతుంది."

"పోతే పోనీ. నాకూ చెప్పుకోవలసినవి ఉన్నాయి."