బయ్యమ్మ టమాటా పడుగు

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పిసినారితనం గురించి మాటొస్తే జనం ఎక్కువసేపు ఆలోచించరు. "బయ్యమ్మ ఉండాదిలే" అని నవ్వుతారు. ఆ నవ్వేవాళ్ళలో సగంమంది ఇళ్ళలోని కమ్మలు తాకట్టు కొట్లో నిద్రపోతుంటాయి. బయ్యమ్మ కమ్మలు మాత్రం బయ్యమ్మ చెవులకే ఉంటాయి. అయినా నవ్వులపాలయ్యేది ఆమే. అప్పు చేసి బిర్యానీ తెచ్చేవాడు దర్జాదారు, గంజి కాచుకుని ఎవడికీ బాకీ పడనిది పిసినారి. లోకం ఈ లెక్క ఎక్కడ నేర్చుకుందో గానీ, బాగా వంటబట్టించుకుంది.

బయ్యమ్మ చేతిలో పడితే ఒక చీర ఐదు జన్మలెత్తేది. మొదట చీరగా బతికేది. అంచు చిరిగాక బొంత అయ్యేది. బొంత అరిగాక పొయ్యి మీద గిన్నె దించే మసిగుడ్డ. అదీ పీలికలైతే దీపానికి వత్తి. చివరికి వత్తి కాలిన మసితో కూడా పిల్లల కళ్ళకు కాటుక పెట్టడానికి చూసేది గానీ, ఆమెకు పిల్లలు లేరు. పక్కింటి మసూదా వాళ్ళ పిల్లల్ని పట్టుకుని పెట్టబోతే వాళ్ళు గోడ దూకి పారిపోయారు.

ఇంట్లో టీవీ లేదు. మసూదా ఇంట్లో ఉంది. సీరియల్ మొదలవగానే బయ్యమ్మ తన దీపం ఆర్పి, గోడకు చెవి ఆనించి కూర్చునేది. "బొమ్మ కనబడకపోతే ఏముందిలే, ఏడుపు వినబడితే చాలు" అనేది. పొద్దున్నే మసూదాను అడిగేది: "ఏమ్మా, రాత్రి ఏడ్సింది అత్తా, కోడలా?"

ఆమెది పుంగనూరు. పెళ్ళైన కొత్తలో మొగుడు లక్ష్మయ్య స్నేహితులకు ఇలా చెప్పుకునేవాడు: "పుంగనూరు పిల్ల అంటే పుంగనూరు ఆవే అప్పా. పొట్టిగా ఉంటాది, కొంచెమే తింటాది. పొడిసేదానికి మాత్రం ముందుంటాది." ఈ మాట బయ్యమ్మ చెవిన పడి, వారం రోజులు అతని సంగటి ముద్ద నిమ్మకాయంత అయింది.

లక్ష్మయ్య పట్టుచీరలు నేసేవాడు. ఇంట్లో నడిమి గది మొత్తం మగ్గానిదే. మొగుడూపెళ్ళాలు గోడవారన పడుకునేవాళ్ళు. కప్పులో సరిగ్గా మగ్గానికి పైన ఒక అద్దం పెంకు. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఎండ ఆ పెంకులోంచి దిగి దారాల మీదే నడిచేది. సావుకారు పడుగు ఇచ్చేవాడు. పడుగంటే మగ్గానికి ముందు కర్ర నుంచి వెనక కర్ర దాకా నిలువుగా లాగి కట్టే దారాలు. అవి ఉంటేనే నేత. లక్ష్మయ్య మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేసి, చీరలు తీసుకెళ్ళి ఇచ్చి, కూలి తెచ్చుకునేవాడు.

రెండు వేల రెండో సంవత్సరంలో వానలు పోయాయి. మండలాన్ని కరువు మండలంగా ప్రకటించారు. ఆ ఏడు పడింది ఆ ప్రకటన ఒక్కటే. పట్టు ధర పైకి పోయింది, చీరలు కొనేవాళ్ళు కిందికి పోయారు. సావుకారు చేతులెత్తేశాడు. "పడుగు లేదప్పా. మళ్ళా చెప్తా" అన్నాడు. ఆ 'మళ్ళా' ఎప్పుడో ఆయనకూ తెలీదు.

వీధిలో చప్పుడు తగ్గుతూ వచ్చింది. ఒక్కో ఇంట్లో మగ్గం విప్పి, కర్రలు ఆటోలో వేసి పంపేశారు. వాటిని కొనేది మునెప్ప. కుప్పం మనిషి. మగ్గాలు విప్పి, వాటిపైన బుటాలు దింపే జకార్డు మిషన్లు రాష్ట్ర సరిహద్దు దాటించి అమ్ముకునేవాడు. సావు ఇంటికి డప్పులవాడు వచ్చినట్టు, పని ఆగిన ఇంటికి తానే వచ్చేవాడు.

"బెంగుళూరులో మా పెదనాయన కొడుకు వాచ్‌మన్ పని చూసిపెట్టినాడు. డ్రెస్సు కూడా ఇస్తారంట. మెట్ల కింద రూమంట" అన్నాడు లక్ష్మయ్య. "మునెప్పకు మాట ఇచ్చేసినా. మగ్గం ఇచ్చేస్తాం."

రాగులు చెరుగుతున్న బయ్యమ్మ చేట ఆపింది. "ఎవుని గేటో కాసేదానికి బెంగుళూరు దాకా యాల? నీ గేటు నువ్వు కాసుకో."

"మనకు గేటు యాడుండాదే?"

"అందుకే చెప్తాండా. ఉండేది మగ్గం ఒకటే. పళ్ళు ఊడినాక చెరుకు గడ దొరికితే ఏం చేస్తావు? రేపు పడుగొస్తే నీ డ్రెస్సు మీద నేస్తావా?"

ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే అలవాటు లక్ష్మయ్యకు లేదు. ఉన్న ఆస్తి అదొక్కటే అనుకునేవాడు పాపం.

ఆ ఏడు చలికాలంలో టమాటా ధర పడిపోయింది. బోర్ల కింద పండిందంతా ఒకేసారి మార్కెట్టుకు వచ్చి, తెచ్చిన బాడుగ కూడా రాక, రైతులు గంపలకు గంపలు రోడ్డు పక్కన కుమ్మరించి పోయారు. లారీలు వాటిని తొక్కుకుంటూ పోయేవి. ఊరంతా ముక్కు మూసుకుని నడిచింది. బయ్యమ్మ గోనెసంచి తీసుకుని నడిచింది.

"దేవుడు దారిలో పోస్తే తొక్కేది మనిషి బుద్ధి" అనుకుంటూ, గట్టివి ఏరుకుని ఇంటికి మోసుకొచ్చింది. కోసి, ఉప్పూ పసుపూ రాసి, ఒరుగులు పెట్టాలని మసూదా వాళ్ళ మిద్దె మీద ఆరబోసింది. మధ్యాహ్నానికి కోతులు వచ్చాయి. సగం తిన్నాయి, మిగతా సగం మసూదా మొగుడు బాబు సాహెబ్ తెల్ల లుంగీ మీద విసిరాయి. బాబు సాహెబ్ మర్యాదస్తుడు కాబట్టి బయ్యమ్మను ఏమీ అనలేదు. కోతుల్ని ఉర్దూలో తిట్టాడు.

ఇంట్లో ఎండ పడే చోటు ఒక్కటే, అద్దం పెంకు కింద. అక్కడ ఖాళీ మగ్గం ఉంది.

లక్ష్మయ్య టీ అంగడి నుంచి తిరిగొచ్చేసరికి జకార్డుకు పాత చీర చుట్టి ఉంది. ముందు కర్ర నుంచి వెనక కర్ర దాకా పురికొసలు వరసగా లాగి కట్టి ఉన్నాయి. వాటికి టమాటా ముక్కలు ఎర్రగా వేలాడుతున్నాయి.

"ఏమే! మగ్గం మీద ఉప్పా! మా నాయన బతికుంటే..."

"బతికుంటే పులుసు అడిగేటోడు. కాళ్ళు కడుక్కోపో."

వారం తిరక్కుండానే మునెప్ప దిగాడు. గడపలో నిలబడి, నోరు తెరిచి, లోపలికి చూశాడు.

"ఏందమ్మా ఇది? మగ్గమా, మండీనా?"

"సూసి నడువప్పా, తలకు తగుల్తాది."

"లక్ష్మయ్య మాట ఇచ్చినాడు. బయట ఆటో ఉండాది. ఇయన్నీ తీసేయి."

"తీసేదానికి లేదు. నువ్వూ మగ్గం గుంట పక్కన పెరిగినోడివే కదా? పడుగు మీద ఉండే మగ్గాన్ని విప్పొచ్చునా?"

ఆ వీధుల్లో అదొక కట్టుబాటు. పడుగు మొదలైతే అది ముగిసేదాకా మగ్గాన్ని కదిలించరు. అప్పులవాడు వచ్చినా అరుగు మీద కూర్చుని ఆగుతాడు. కదిలిస్తే ఆ ఇంట నేత మళ్ళీ సాగదంటారు.

"పడుగు యాడుంది?" అన్నాడు మునెప్ప.

"ఇదేంది మరి? ఈ కర్ర నుంచి ఆ కర్రకు దారం కట్టుండాదా, లేదా?"

"దారానికి టమాటాలుండాయి కదమ్మా!"

"పట్టుచీరకు బుటాలుండవా? ఇవి నా బుటాలు."

లక్ష్మయ్యకు నవ్వొచ్చింది. దగ్గుగా మార్చుకున్నాడు. మునెప్ప నవ్వలేదు. అతని తండ్రి ఒకప్పుడు అప్పులవాళ్ళ పోరు పడలేక సగం నేసిన పడుగుతోనే మగ్గం విప్పాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ గుంటలో కాళ్ళు పెట్టలేదు. మునెప్ప మగ్గాలు అమ్ముకుని బతకడానికి కారణం అదేనని వాళ్ళమ్మ పోయేదాకా చెబుతూనే ఉంది. అతను వేలాడే ముక్కల్ని ఒకసారి, అద్దం పెంకును ఒకసారి చూశాడు.

"ఎప్పుడు ముగుస్తాది నీ పడుగు?"

"ఆరినప్పుడు."

ఆటో ఖాళీగా పోయింది.

తర్వాత మునెప్ప ఎన్నిసార్లు వచ్చినా పాత ముక్కలు దిగేవి, కొత్త ముక్కలు ఎక్కేవి. మగ్గం ఒక్క పూట కూడా బోడిగా లేదు. టమాటా రోడ్డు మీద ఉన్నంతకాలం బయ్యమ్మ పడుగుకు అంతు లేదు. ఆరిన ఒరుగుల్ని కుండల్లో నింపి మూతికి గుడ్డ కట్టింది. కొన్ని ఇచ్చి రాగిపిండి తెచ్చింది. కొన్ని ఇచ్చి మసూదా దగ్గర కోడిగుడ్లు తీసుకుంది. హార్స్లీ హిల్స్ దారిలో హోటలు పెట్టుకున్న ఒకాయన రుచి చూసి, ప్రతి సంతకూ వచ్చి పట్టుకుపోయేవాడు. లక్ష్మయ్య మాత్రం ఇంట్లో ఉండి తింటూనే, మగ్గం వంక చూసేవాడు కాదు. బెంగుళూరు నుంచి కబుర్లు వస్తూనే ఉన్నాయి.

ఎండాకాలం వచ్చింది. బోర్లు ఎండాయి. రోడ్డు మీద తొక్కిన టమాటాకే ఇప్పుడు త్రాసులో సింహాసనం వేశారు. కొనబోయినవాళ్ళు ధర విని, ఒక కాయ చేత్తో తడిమి, చింతపండు కొనుక్కుని పోయేవాళ్ళు. బయ్యమ్మ చివరి పురికొస కూడా దిగింది. మగ్గం ఎముకల గూడులా నిలబడింది.

అదే అదను చూసి లక్ష్మయ్య, కుప్పం పోయే బస్సు డ్రైవరుతో కబురు పంపాడు: "పడుగు ముగిసింది. రమ్మను." ఇంటికొచ్చి ఆ మాట పెళ్ళాంతో చెప్పి, ఆమె ముఖం చూడకుండా టీ అంగడికి పోయాడు.

బయ్యమ్మ గోడ మీదుగా పిలిచింది. "మసూదా, టమాటాలుండాయా?"

"యాడివక్కా! మాకే చింతపండు చారు. ఒకటి ఉండాది, ఇమ్మంటావా?"

"ఒకటి పడుగు కాదమ్మా" అని, బయ్యమ్మ కొంగు బిగించుకుని సంతకు పోయింది.

కూరగాయల అమరావతి ఆమెను చూసి నవ్వింది. "రా అత్తా. ఊరికే సూసి పోతావా, తాకి పోతావా?"

"రెండు కేజీలు తుయ్యి."

అమరావతి త్రాసు కింద పెట్టేసింది. "ఎవరికన్నా ఒంట్లో బాగలేదా?"

"నోరు మూసుకుని తుయ్యి. ఆ మచ్చ కాయ తీసెయ్యి. దాని తొడిమ కూడా తుంచు, తొడిమకు నేను డబ్బులియ్యను."

కొంగు ముడి విప్పుతుంటే ఆమె వేళ్ళు మొరాయించాయి. ఆ ముడి కట్టడమే గానీ విప్పడం వాటికి అలవాటు లేదు. పక్క అంగళ్ళవాళ్ళు బేరాలు ఆపి చూశారు. ఆమె ఇల్లు చేరేలోపే వార్త టీ అంగడి చేరింది.

"లక్ష్మయ్యప్పా! మీ ఆవిడ టమాటాలు కొనింది!"

"కొనిందా? ఏరుకొచ్చింటాది."

"కొనింది! డబ్బులిచ్చి!"

లక్ష్మయ్య సగం టీ వదిలేసి పరుగెత్తాడు. జ్వరం తలకెక్కిందనే అనుకున్నాడు.

బయ్యమ్మ మగ్గం పక్కన కూర్చుని కోస్తున్నది. ముక్కలు ఎంత పలుచగా ఉన్నాయంటే, వాటిలోంచి పేపరు చదవొచ్చు. రెండు కేజీలు మగ్గమంతా పరుచుకోవాలి కదా. ఒక కాయ లోపల కుళ్ళి ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, దెబ్బ తగిలిన పిల్లను చూసినట్టు చూసింది.

"ఎంత పెట్టినావే?" అన్నాడు లక్ష్మయ్య.

"అడగొద్దు. చెప్తే నాకే కళ్ళు తిరుగుతాయి."

"పిచ్చా నీకు? రేపు మునెప్ప రానే వస్తాడు. ఇయి ఎన్ని దినాలు నిలుస్తాయి?"

"రెండు దినాలు నిలుస్తాయి. ఆ రెండు దినాలు మగ్గం మనదే కదా" అంది బయ్యమ్మ, తలెత్తకుండానే. కుళ్ళినంత మేర కోసేసి, మిగిలింది దారానికి గుచ్చింది.

లక్ష్మయ్య ఈసారి మగ్గం వంక చూశాడు. చారులో పోపుకు నూనె బొట్లు లెక్కపెట్టే మనిషి, అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు గీసే మనిషి, ఊరంతా భయపడి వదిలేసిన టమాటాను కొంగు ముడి విప్పి కొనింది. ఇన్నాళ్ళూ ఆమె మొండితనం చేస్తున్నదనుకున్నాడు. అది మొండితనం కాదు, ఖర్చు. ఆమె ఖర్చు పెట్టిందంటే, ఆ మగ్గం కంటే విలువైనది ఇంట్లో ఇంకేదీ లేదని అర్థం.

అతను దగ్గరకొచ్చి పురికొస పట్టుకుని చూశాడు.

"ఇదేం కట్టడమే? ఒకటి బిగువు, ఒకటి వదులు. దీన్ని పడుగంటే మునెప్ప కాదు, కోతులు కూడా నమ్మవు. ఇటు తే."

నెలల తర్వాత గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. బయ్యమ్మ కట్టినవన్నీ విప్పేశాడు. నేతగాళ్ళు వేసే జారని ముడితో, ఒకే బిగువుతో, దారం పక్క దారం లాగి కట్టాడు. ముక్కల్ని ఎడం సమానంగా సర్దాడు. మధ్యలో ఒక వరస అంచు లాగా ఒత్తుగా పెట్టాడు కూడా.

"ఈడ కొంచెం ఖాళీ ఉండాది" అంది బయ్యమ్మ.

"అది కొంగు భాగం. నీకు తెలీదు, ఊరుకో."

మర్నాడు మునెప్ప వచ్చాడు. తాడు భుజాన ఉంది. గడపలోనే ఆగిపోయాడు.

"లక్ష్మయ్యా, కబురు పంపింది నువ్వే కదప్పా?"

"నేనే."

"మరి ఇదేంది?"

"పడుగు మీద ఉండాది మునెప్పా. విప్పేదానికి లేదు" అన్నాడు లక్ష్మయ్య. "ఇది ముగిస్తే ఇంకోటి ఎక్కిస్తా. నేనిచ్చిన మాట నాకు తిరిగి ఇచ్చెయ్యి."

మునెప్ప దారాలను వేలితో మీటాడు. బిగువుగా మోగాయి. తాడు భుజం మీంచి దించి, గడప మీద కూలబడ్డాడు. "ఇట్లా కట్టినోని మగ్గం నేను విప్పను. మా నాయన పాపం ఒకటి చాలు నాకు. సంగటుంటే పెట్టమ్మా, తినేసి పోతా."

బయ్యమ్మ చేతి కూడు బయటివాళ్ళు తినడం ఎవరూ చూసి ఎరగరు. ఆ పూట మునెప్ప రెండుసార్లు ఒరుగుల పులుసు వేయించుకున్నాడు. మూడోసారి గరిటె దగ్గరికి రాగానే బయ్యమ్మ గిన్నె పక్కకు జరిపింది. "ఇంటికి కావాలంటే తూచి ఇస్తా. ఆటో బాడుగ మిగిలింది కదా నీకు."

అతను కొనుక్కునే పోయాడు.

వానలు ఆలస్యంగా వచ్చినా వచ్చాయి. పండగలకు ముందు సావుకారు మళ్ళీ పడుగు పంపాడు. వీధిలో మగ్గం మిగిలిన ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకటి లక్ష్మయ్యది. మొదటి చీర దిగి, సావుకారు గద్దె మీద విప్పి పరిచినప్పుడు ఆయన అంచు చూశాడు, బుటా చూశాడు. చివరికి చీరను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏమప్పా లక్ష్మయ్యా, చీర చారు వాసన కొడతాంది?"

లక్ష్మయ్య నోరు తెరిచేలోపే, కూలి ఎంతిస్తాడో చూద్దామని వెంట వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్న బయ్యమ్మ అందుకుంది:

"వాసన ఊరికే ఇస్తాండామన్నా. దానికని కూలిలో పట్టుకోవద్దు."