మా గడప ముందరి బండ

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలయ్యాక జగిత్యాలలో నేను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీకి తాళం పడింది. బస్సులు కూడా రేపో మాపో ఆగిపోతాయని తెలిసి, చివరి బస్సుల్లో ఒకదాన్ని పట్టుకుని చందుర్తి దగ్గరి మా ఊరికి వచ్చేశాను. అమ్మ దగ్గర నాలుగు రోజులుండి వెళ్దామనుకున్నాను. నెల దాటినా కదల్లేకపోయాను. ఊళ్లోకి వచ్చే రోడ్డు ఒకటే, దాని మీద పొద్దున లేస్తే రాస్తారోకో. ఉద్యమం నాది కాదని కాదు. జెండా పట్టుకుని నడిచినదాన్నే. కానీ ఒకే గది ఇంట్లో, ఒకే వాడలో, అవే మొహాల మధ్య రోజంతా కూర్చోవడం నాకు చేతకాదు. చిన్నప్పుడు ఆ వాడ నుంచి బయటపడాలనే కదా చదివింది.

నన్ను ఆదుకున్నది చర్చి మెట్లు. ఊరు మొత్తంలో నా డాంగిల్‌కు సిగ్నల్ అందేది అక్కడే. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అక్కడ కూర్చుని నా జాబితా పని చేసుకునేదాన్ని.

ఆ పని ఏమిటో చెప్పాలి. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే, ఎవరైనా దిద్దగలిగే విజ్ఞాన సర్వస్వం ఉంది. అందులో ప్రభుత్వం రక్షిత కట్టడాలుగా గుర్తించిన కోటలు, గుళ్లు, బావుల వివరాలను జిల్లాలవారీగా ఒక పట్టికలోకి ఎక్కిస్తున్నాం. జీతం లేదు, మెప్పు లేదు, ఎవరూ అడగలేదు. మా జిల్లా పనిని పంచిపెట్టినవాడు కోరుట్లలో జిరాక్స్ సెంటర్ నడిపే ఒకాయన. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. ఒక్కో కట్టడానికి ఒక్కో వరుస. పేరు, ఊరు, ఫోటో, ప్రస్తుత స్థితి. రాసిన ప్రతి ముక్కకూ మూలం చూపించాలి, అంటే అది ఎక్కడ అచ్చయిందో చెప్పాలి. ఈ మూలం విషయంలో అన్న మహా మొండి. జగిత్యాల ఖిల్లా నక్షత్రం ఆకారంలో ఉంటుందని నేను రాస్తే, "కండ్లతోని సూసినవు, మంచిదే. పుస్తకం ఏది?" అన్నాడు. ఖిల్లా పక్కనే ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నదాన్ని పట్టుకుని.

ఆ జాబితాలో మా ఊరి మెట్లబావి కూడా ఉంది. నాకు తెలిసినప్పటి నుంచీ అది బోసినోటితోనే ఉంది. పైన మండపం ఉండేదంటారు, లేదు. రెండు వైపుల మెట్లు లేవు, మట్టి జారి తుమ్మలు మొలిచాయి. ఎందుకలా అయిందని నేనెప్పుడూ ఎవరినీ అడగలేదు. సొంత ఊరు కదా, అన్నీ తెలుసనుకున్నాను.

ఒకరోజు చందుర్తి చౌరస్తాలో వంటావార్పు జరిగింది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అందరం కలిసి అక్కడే తిన్నాం. మా ఊరి దొర మనుమడు మైకు పట్టుకున్నాడు. మన తాతముత్తాతలు కట్టినవన్నీ పరాయి పాలకుల నిర్లక్ష్యంతో మట్టిపాలయ్యాయని, మన చరిత్రను దోచుకున్నారని మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఆ వేడి చల్లారకముందే చర్చి మెట్ల మీదికొచ్చి, మా బావి వరుసలో ప్రస్తుత స్థితి దగ్గర టకటకా కొట్టేశాను: "పాలకుల నిర్లక్ష్యం వల్ల మండపం, మెట్లు మాయమయ్యాయి. రాళ్లను దొంగలు ఎత్తుకుపోయారు." మూలం పెట్టలేదు. అన్న తర్వాత తిడతాడులే అనుకున్నాను. పిల్లలకు రికార్డు సరిగా రాయలేదని మార్కులు కోసేదాన్ని, నేను చేసిన పని ఇది.

అన్న తిట్టలేదు. వారం తర్వాత ఫోన్ చేశాడు.

"చెల్లె, నీ బాయి ముచ్చట పేపర్ల సిరిసిల్ల పేజీల పడ్డది. మూలం దొరికింది గద, నీ వాక్యానికి దాన్నే మూలంగ ఎక్కిచ్చిన."

పేపరు తెప్పించుకుని చూశాను. రెండు కాలాల వార్త. అందులో నా వాక్యాలు రెండూ మాట మారకుండా ఉన్నాయి. సిరిసిల్ల విలేకరి మా పట్టికలోంచి ఎత్తి వార్త రాశాడు, మా అన్న ఆ వార్తను తెచ్చి పట్టికకు మూలంగా పెట్టాడు. నేను గాలిలో రాసిన మాట నా దగ్గరికే అచ్చయి, నిజమై తిరిగొచ్చింది. ఇందులో తప్పుందని అప్పుడు నాకు తట్టనే లేదు. పైగా గర్వపడ్డాను. పేపరు పట్టుకెళ్లి, చాటలో బియ్యం ఏరుతున్న అమ్మకు చదివి వినిపించాను.

అమ్మ చేతులు ఆగిపోయాయి.

"దొంగలా? గట్లని ఎవలు రాసిండ్రు?"

"పేపర్ల అచ్చింది. ముందుగాల నేనే రాసిన."

"నువ్వే రాసినవా." చాట పక్కన పెట్టి లేచింది. నన్ను బయటికి తీసుకొచ్చి, మా గడప ముందరున్న రాతి మెట్టును కాలితో తట్టింది. "గీ బండ మీద కూసొనే నువ్వు అఆలు దిద్దినవు. ఇది గా బాయిదే."

తర్వాత అమ్మ చెప్పినదంతా నేను నిలబడే విన్నాను. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు దొర తన గడికి, అంటే కోటలాంటి తన ఇంటికి, కొత్త ప్రహరీ కట్టుకోవాలని బావి మండపాన్ని కూల్చాడు. మెట్లు కూడా పెకిలించాడు. ఆ రాళ్లన్నీ మోసింది మా వాడవాళ్లే. మంచి రాళ్లు గోడకెక్కాయి. మిగిలిన పొట్టివీ విరిగినవీ, కూలి కింద తలా ఒకటి తీసుకెళ్లమన్నాడు. గింజలు అడిగితే బండలిచ్చాడు.

"నా నెత్తి మీదనే మోసుకచ్చిన. మెడ పట్టేసి మూడు దినాలు పండుకున్న," అంది అమ్మ. "గా మెట్ల మీద మా కాలు పడనిచ్చిండ్రా? ఎవలన్న చేది పోస్తెనే మాకు నీళ్లు. పొద్దంతా ఒడ్డు మీద కూసుండేది. గసొంటి మెట్టు ఇంటి ముంగటికి అచ్చిందని మీ అమ్మమ్మ సంబురపడ్డది. కింది దిక్కు పూలు చెక్కి ఉన్నయి. తొక్కితె పాపం తాకుతదని తిప్పి ఏసింది."

నేను కూర్చుని, మట్టి కుంగిన పక్క నుంచి బండ కిందికి వేళ్లు పోనిచ్చాను. రేకులు తగిలాయి. ఒకటి, దాని పక్కన ఇంకొకటి. ముప్పై ఏళ్లు వాటి మీద కూర్చుని, దేశంలోని కట్టడాలన్నిటికీ మూలాలు వెతుకుతున్నాను.

"గిప్పుడు జెప్పు," అంది అమ్మ. "మేం దొంగలమా?"

నాకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది, అన్నిటికంటే ఎక్కువగా నా మీద నాకు కోపమొచ్చింది. పరుగున చర్చి మెట్ల దగ్గరికి వెళ్లి ఆ వాక్యాలు తీసేశాను. గంటలో ఎవరో తిరిగి పెట్టారు. మళ్లీ తీశాను, మళ్లీ పెట్టారు. మూలం ఉన్న వాక్యాన్ని కారణం చెప్పకుండా తీయకూడదని నాకు ఒక సందేశం కూడా వచ్చింది. కొత్తగా చేరినవాళ్లకు నేను పంపే సందేశమే అది. మూడోసారి తీస్తే నా ఖాతా ఆపేస్తారు.

అన్నకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"అమ్మ చెప్తె నేను నమ్ముత చెల్లె. కని మన కాడ అమ్మ చెప్పింది మూలం కాదు గద. అచ్చుల ఏమన్న ఉన్నదా?"

"మా అమ్మకు సంతకమే రాదన్నా. అచ్చుల యాడికెల్లి ఉంటది?"

"అట్లయితె బండ తిప్పి, పూలు కనవడేటట్టు ఫోటో తీసి పెట్టు. ఏదో ఒక సాక్ష్యం అయితది."

ఆయన మంచికే చెప్పాడు. కానీ ఆ ఫోటో దేనికి సాక్ష్యం? బండ మా గడప ముందు ఉందనడానికి. దొర ఇచ్చాడనడానికి కాదు. మేం దొంగలం కాదని చెప్పాలంటే బండను చూపించాలి. చూపిస్తే, దొంగసొత్తు దొరికిందని ఎత్తుకుపోతారు. ఎటు తిరిగినా గోడే.

సిరిసిల్ల విలేకరికి ఫోన్ చేశాను. వార్త సవరించమని, గడి గోడ సంగతి రాయమని అడిగాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"మేడం, గిప్పుడు దొర మనుమడు ఉద్యమంల అందరికన్న ముందట ఉన్నడు. గిట్లాంటియి రాస్తె మనోళ్లల్ల మనకే పంచాయితీ. తెలంగాణ రానియ్యిండ్రి, అప్పుడు నిమ్మలంగ రాద్దాం."

తర్వాత మూడు రోజులకు, పొద్దున తొమ్మిదింటికి, దొర మనుమడే నలుగురిని వెంటేసుకుని మా వాడకు వచ్చాడు. చేతిలో మా పట్టిక ప్రింటు. మా బావి వరుస కింద ఎర్ర గీత గీసి ఉంది.

"మేడం, ఇది మీరే రాసిండ్రట. మస్తు మంచి పని చేసిండ్రు," అని ప్రింటు నా చేతికిచ్చాడు. "మన ఊరి రాళ్లు మనమే దొరికిచ్చుకోవాలె. సమ్మె అయిపోంగనే పురావస్తు శాఖ సార్లను పిలుస్త. ఎక్కడెక్కడున్నయో లెక్క తీసి, అన్ని మ్యూజియంల పెట్టిద్దాం."

అంటూనే వాడ పొడుగునా గడపలు చూస్తూ నడిచాడు. అమ్మ చీపురుతో వచ్చి మా బండ మీద నిలబడింది. రెండు పాదాలూ ఆనించి, కదలకుండా.

"అమ్మా, మీకేమన్న ఎరుకనా?" అని అడిగాడు. వాళ్ల తాత మా అమ్మను అమ్మా అని ఉండడు. ఉద్యమం తెచ్చిన మంచిలో అదీ ఒకటి. నేను కాదనను.

"నాకేమెరుక దొరా," అంది అమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. ఆయన భుజం మీదుగా, దూరంగా గడి ప్రహరీ కనిపిస్తూనే ఉంది. ముందు మీ గోడ లెక్క తీయండి అనే మాట నా నోట్లోనే ఉంది. అంటే ఏమవుతుంది? గోడ ఎవరూ కూల్చరు. గోడలో ఉన్నవి ఆ రాళ్లేనని నీకెట్ల తెలుసంటారు. మా అమ్మ చెప్పిందనాలి. మీ అమ్మకెట్ల తెలుసంటారు. అప్పుడు అందరి చూపూ అమ్మ పాదాల కిందికి వెళ్తుంది.

"నాకు తెల్వదండి," అన్నాను.

ఆ వాక్యం రాసిన చేత్తోనే ప్రింటు తిరిగి ఆయనకిచ్చాను. వాళ్లు వెళ్లిపోయారు.

అదే రోజు అమ్మ వాడలో ఇల్లిల్లూ తిరిగి మాట్లాడి వచ్చింది. చర్చి ప్రహరీకి తెచ్చినవాటిలో మిగిలిన సిమెంటు బస్తాలున్నాయి. రెండు రోజుల్లో, బావి రాళ్లున్న ప్రతి గడప ముందూ వాటిని కప్పేస్తూ సిమెంటు మెట్టు లేచింది. మా ఇంటి దగ్గర ఇసుక జల్లించిందీ, మాలు కలిపిందీ నేనే. మొదలుపెట్టే ముందు అమ్మను బతిమాలాను. ఒక్కసారి తిప్పుదాం, ఒక్క ఫోటో తీసుకుంటాను, ఎవరికీ చూపించను అన్నాను.

"ఫోటో ఉంటె నువ్వు ఊకుంటవా బిడ్డా," అంది అమ్మ.

ఊరుకోను. నా సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. వేళ్లకు రేకులు తగిలిన ఆ సందులోకి సిమెంటు కూరి, తాపీతో నేనే నున్నగా తీశాను. వారసత్వ కట్టడాలను కాపాడాలని వ్యాసాలు రాసిన మనిషిని.

సమ్మె ముగిసింది, బస్సులు నడిచాయి, నేను జగిత్యాల వెళ్లిపోయాను. సార్లు ఎవరూ రాలేదు. దొర మనుమడు కూడా ఆ సంగతి మరిచిపోయాడు. ఎవరూ రాని దానికోసం బండను పూడ్చుకున్నాం.

కొన్నేళ్లకు తెలంగాణ వచ్చింది. కోరుట్ల అన్న సంతోషంతో ఫోన్ చేసి, "చెల్లె, కొత్త రాష్ట్రానికి కొత్త జాబితా చెయ్యాలె," అన్నాడు. పాత జాబితాలోంచి మన జిల్లాల వరుసలన్నీ తీసి కొత్త దాంట్లో పెట్టాం. మా బావి వరుసను పెట్టింది నేనే. ఆ రెండు వాక్యాలు, పక్కన మూలం, అలాగే కొత్త రాష్ట్రంలోకి వచ్చాయి. తీసేద్దామని చెయ్యి వేశాను. ఎందుకు తీశావని ఎవరైనా అడిగితే చెప్పడానికి అమ్మ మాట తప్ప నా దగ్గర ఏమీ లేదు, చూపించాల్సింది సిమెంటు కింద ఉంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. విలేకరికి కూడా ఫోన్ చేశాను. ఆయన ఎత్తలేదు.

ఆ ఆదివారం ఊరికి వెళ్తే, అమ్మ సిమెంటు మెట్టు మీద కూర్చుని అడిగింది.

"మన తెలంగాణ అచ్చింది గద బిడ్డా. గా దొంగలన్న ముచ్చట తీసేసిండ్రా?"

"తీసేసిండ్రమ్మా," అన్నాను.

అమ్మ తల ఊపింది. నన్ను మూలం అడగలేదు.