కార్వేటినగరం నుంచి వచ్చే ఫోను

రెండు వేల సంవత్సరం తర్వాత కొన్నేళ్లు తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేశాను. పల్లెల్లో పాలు పోయించుకునే కేంద్రాలకు ప్రోగ్రాం రాసిచ్చేవాళ్లం. ఏదైనా మార్పు చేస్తే అది ముందు కార్వేటినగరం కేంద్రంలోని కంప్యూటర్‌కు వెళ్లేది. పది నిమిషాలు ఆగి, దానంతట అదే పూతలపట్టుకూ మిగతా ఊళ్లకూ వెళ్లేట్టు నేనే పెట్టాను. ఆ లోపల అక్కడివాళ్లు వద్దంటే ఆపెయ్యొచ్చు.

కార్వేటినగరంలో చూసి చెప్పేది అక్కడి గుమాస్తా. నా ఈడు అమ్మాయి. ఫోనులోనే పరిచయం.

ఒక సాయంత్రం కంగారుగా ఫోను చేసింది. "ఆపండి సార్, ఆపండి! ఇప్పుడు పోసిన పాలు ఈడ కనపడలా. యాడికి పోతా ఉండాయో సూడండి."

ఆపి చూశాను. సెట్టింగుల్లో మేము పరీక్షకు వాడే సర్వర్ పేరు అలాగే ఉండిపోయింది. రైతుల పాల లెక్కంతా మా ఆఫీసుకు వచ్చి పడుతోంది. అన్ని ఊళ్లలోనూ ఇదే జరిగుంటే పెద్ద గొడవయ్యేది.

"పది నిమిషాలు సాలవు సార్. క్యాన్లు దించుకుంటా సూడాల గదా. అరగంట పెట్టండి," అంది.

అరగంట పెట్టాను. పరీక్షకూ అసలు పనికీ సెట్టింగులు విడదీశాను. ఇక తప్పులు రాలేదు. అయినా అంతా చూసుకున్నాక ఆమె ఫోను పెట్టేసేది కాదు. వాళ్ల మామిడితోట గురించీ, ఈనబోయే ఆవు గురించీ చెప్పేది. మార్పు పంపే రోజైతే పొద్దుటి నుంచే నాకు పని మీద మనసు నిలిచేది కాదు.

ఒకరోజు ధైర్యం చేసి, "నేనొకసారి అక్కడికి రానా?" అన్నాను.

"రాండి సార్. అయితే వచ్చే నెల నుంచి నేనుండను. వేలూరులో పని దొరికినాది. మా నాయన కూడా పొమ్మన్నాడు."

"మంచిదే కదా," అన్నాను. ఇద్దరం ఫోను పట్టుకునే ఉన్నాం. అవతల ఎవరో ఆమెను పిలుస్తున్నారు.

"అన్ని ఊర్లకీ పోయినాదేమో సూసుకోండి సార్," అంది చివరికి. మార్పు అప్పటికే అన్ని ఊళ్లకూ వెళ్లిపోయింది.

నేను కార్వేటినగరం వెళ్లనే లేదు. ఆమె తర్వాత ఆ పనికి వచ్చినాయన మంచివాడే. "బాగుండాది సార్," అని వెంటనే పెట్టేసేవాడు. నేను రిసీవర్ పట్టుకుని అలాగే కూర్చునేవాణ్ని.

వేలూరు మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను. బస్టాండులో దిగి టీ తాగుతూ, చుట్టూ మాట్లాడుకునే ఆడవాళ్ల గొంతులు వింటూ నిలబడతాను. బస్సు హారన్ కొట్టేదాకా ఎక్కను.